మూడో అంతస్తులో చన్నీళ్ల తొట్టి

సుప్రియ మోకాలి గురించి అభిప్రాయం లేని మనిషి వనపర్తిలో లేడు. డిపో గేటు దగ్గర కూర్చునే కాపలాదారు నువ్వుల నూనె కాచి రాయమన్నాడు. పెబ్బేరులో రోజూ కూరగాయల గంపతో బస్సెక్కే ఆమె జిల్లేడాకు వేడి చేసి కట్టమంది. ఆదివారం చర్చిలో పక్కన కూర్చునే ఇందిరమ్మ వంకాయ మానెయ్యమంది. తోటి కండక్టర్ శైలజ ఫోన్‌కు వ్యాయామాల వీడియోలు పంపుతూనే ఉంది. సుప్రియ అందరికీ తల ఊపి, టికెట్లు కొట్టుకుంటూ వనపర్తి నుంచి గద్వాలకూ, గద్వాల నుంచి వనపర్తికీ నిలబడే తిరిగేది.

ఆ నొప్పి ఎట్లా మొదలైందని మాత్రం ఒక్కరూ అడగలేదు. ఆమె కడుపుమంటంతా అక్కడే.

చలికాలంలో ఒక పొద్దున ఎర్రవల్లి చౌరస్తా దగ్గర జరిగిందది. ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చినప్పటి నుంచి ఆ రూటులో బస్సు ఖాళీగా పోయిన రోజు లేదు. డబ్బులు తీసుకోకపోయినా ప్రతి మనిషి ఆధార్ కార్డు చూడాలి, ప్రతి మనిషికీ సున్నా టికెట్ కొట్టివ్వాలి. సుప్రియ ఒక పాదాన్ని ఎవరిదో బియ్యం సంచికీ సీటు కాలికీ మధ్య ఇరికించి, నడుం వెనక్కి తిప్పి, చివరి వరుసలో కూర్చున్న అమ్మాయికి టికెట్ అందిస్తోంది. అడ్డం వచ్చిన ట్రాక్టరును తప్పించబోయి డ్రైవరు గట్టిగా బ్రేకు కొట్టాడు. ఒళ్లు ఒకవైపు పోయింది, పాదం ఉన్నచోటే ఉండిపోయింది. మోకాలి లోపల ఏదో టప్పుమన్న చప్పుడు ఆమెకు స్పష్టంగా వినపడింది. సాయంత్రానికి కాలు పొంగిన పూరీలా వాచింది.

ఎముకల డాక్టరు దగ్గరికి పోతే, ఆయన ఆమె ఒంటి వైపు ఒకసారి చూసి, చీర పైనుంచే మోకాలిని నొక్కి, బరువు తగ్గమన్నాడు. సుప్రియ బ్రేకు సంగతి మొదలుపెట్టింది. ఆమె ఇంకా చౌరస్తా దాకా రాకముందే ఆయన గంట కొట్టి తర్వాతి పేషంటును పిలిచాడు. నలభై దగ్గర పడుతోంది, అరుగుదల ఉంటుంది, మామూలేనన్నాడు. మాత్రలు రాశాడు, మోకాలికి తొడుక్కునే పట్టీ కొనుక్కోమన్నాడు.

కొన్నాళ్లు కూర్చుని చేసే పని ఇప్పించండని డిపోలో అడిగితే, అక్కడి అధికారి మర్యాదగానే మాట్లాడాడు. డాక్టరు రాసిస్తే తప్పకుండా చూద్దామన్నాడు. డాక్టరు దగ్గరికి మళ్లీ పోతే, ఇంత చిన్నదానికి రాసేదేముందన్నాడాయన. అట్లా ఇద్దరి మధ్యా తిరిగి తిరిగి, ఆ తిరుగుడుకు కాలు ఇంకాస్త వాచాక, సుప్రియ అడగడమే మానేసింది.

ఆమె భర్త సాంసన్ కొత్తకోటలో, హైవే పక్కన, లారీల మెకానిక్కు. మంచివాడు. భార్య నొప్పి అన్న ప్రతిసారీ ఏదో ఒకటి కొనుక్కొచ్చేవాడు. వేడినీళ్ల సంచి తెచ్చాడు. వణికే మిషను తెచ్చాడు. అరికాలు పొడిచే ముళ్ల చెప్పులు తెచ్చాడు. బెంగుళూరు లారీ డ్రైవరు ఎవరో ఇచ్చిన పసరు సీసా తెచ్చాడు. బీరువాలో ఒక అర మొత్తం ఆమె మోకాలికే అయిపోయింది. తెచ్చినది ఆమె చేతిలో పెట్టి, ఇంక తన వంతు తీరినట్లు స్నానానికి పోయేవాడు. అప్పటికి ఆమె పొయ్యి దగ్గర ఒంటికాలి మీద బరువేసుకుని రొట్టెలు కాలుస్తూ ఉండేది.

ఎండలు ముదిరాక ఒకరోజు అతను ఒక కార్డు తెచ్చాడు. నిరంజన్ అనే కుర్రవాడి కారు హైవే మీద ఆగిపోతే సాంసన్ బాగు చేశాడట. హైదరాబాదులో ఏదో పెద్ద జిమ్ములో పనిచేసి వచ్చి, వనపర్తిలో సొంతంగా రికవరీ స్టూడియో పెట్టాడట. గడ్డకట్టేంత చన్నీళ్లలో మెడదాకా కూర్చుంటే వాపులు దిగిపోతాయని, ఆటగాళ్లంతా అదే చేస్తారని చెప్పి, మీ ఇంటావిడకు వాడండన్నా అంటూ నెల రోజుల కార్డు ఇచ్చాడట.

"చన్నీళ్లల్ల కూసునేదానికి కార్డెందుకు? మా అమ్మగారింట్ల బర్రెల గోలెం ఉండనే ఉన్నది" అంది సుప్రియ.

సాంసన్ చిన్నబోయాడు. కానీ ఆటగాళ్లు అన్న మాట ఆమెను వదల్లేదు. ఖిల్లా ఘణపూర్‌లో చదువుకునే రోజుల్లో ఆమె కబడ్డీ ఆడింది. జిల్లా జట్టు దాకా పోయింది. ఆ కాలంలో దెబ్బ తగిలితే నేలమీద మట్టి తీసి రుద్దుకుని మళ్లీ కూతకు పోయేవాళ్లు. ఇప్పటి వాళ్లు ఐసులో కూర్చోవడం టీవీలో చూసింది. వాళ్లకు పనిచేసేది తనకెందుకు చేయదు అనుకుంది. మర్నాడు డ్యూటీ దిగి, యూనిఫాంతోనే బయలుదేరింది.

కొత్తకోట రోడ్డు మీద టైల్సు దుకాణం ఉంది. దానిపైన జిమ్ము, జిమ్ము పైన స్టూడియో. లిఫ్టు లేదు. నున్నటి గ్రానైటు మెట్లు, నిటారుగా ఉన్నాయి. గోడ పొడవునా, నొప్పి లేని జీవితం మీ హక్కు అని రంగుల్లో రాసి ఉంది. సుప్రియ కడ్డీ పట్టుకుని, మంచి కాలు ముందేసి, చెడ్డ కాలిని ఈడ్చుకుంటూ, ఆ హక్కు దాకా ఎక్కింది. పైకి చేరేసరికి చెమటలు పట్టాయి. బల్ల వెనకున్న నిరంజన్ లేచి, చాలా సంతోషంగా నవ్వి, సాయంత్రం మగవాళ్ల సమయమని చెప్పాడు. ఆడవాళ్లకు పొద్దున పూటే. సుమన అనే ట్రైనరు అప్పుడే వస్తుందట. ఆ ముక్క కార్డు మీద రాయొచ్చు కదా అని సుప్రియ అడిగితే, మంచి సలహా మేడమ్ అన్నాడు. దిగడం ఎక్కడం కన్నా కష్టమైంది.

పొద్దున ఖాళీ కావాలంటే డ్యూటీ మార్చుకోవాలి. శైలజను బతిమాలి, ఆమెకు బదులు ఒక ఆదివారం చేస్తానని మాటిచ్చి, రెండోసారి పోయింది. మళ్లీ ఆ మెట్లన్నీ ఎక్కింది. తెచ్చుకున్న పాత చుడీదారు వేసుకుని గదిలోకి పోతే, కరెంటు లేదు. నీళ్లు చల్లబరిచే యంత్రం రాత్రి నుంచీ ఆగిపోయి ఉంది. తొట్టిలో చెయ్యి పెట్టి చూసింది. వేసవిలో మేడమీది ట్యాంకు నీళ్లెట్లా ఉంటాయో అట్లా ఉన్నాయి. నిరంజన్ పరేషాన్ అయిపోయి, ఇప్పుడే ఐసు తెస్తానని స్కూటర్ మీద పరిగెత్తాడు. అతను గోనె సంచిలో ఐసు దిమ్మలు పట్టుకుని వచ్చేసరికి ఆమె డ్యూటీకి వేళయింది. సంచి లోంచి నీళ్లు మెట్ల పొడవునా కారాయి. ఆ తడి మెట్ల మీద నుంచి ప్రాణాలు బిగబట్టుకుని దిగి, గద్వాల బస్సెక్కింది సుప్రియ. ఆ రోజంతా ఆమె చేతి నుంచి టికెట్ తీసుకున్నవాళ్లెవరూ చిల్లర గురించి నోరెత్తలేదు.

ఇంటికి వచ్చి, ఇంక పోనంది. ఇంకొక్కసారి చూడమని సాంసన్ అన్నాడు. అతనికి ఆ కార్డు వృథా పోతుందన్న బాధ కన్నా, తను తెచ్చినది ఒక్కటైనా పనికి రావాలన్న ఆశ ఎక్కువ. అది ఆమెకు అర్థమైంది. అర్థమై మరింత కోపం వచ్చింది. అయినా పోయింది.

మూడోసారి కరెంటు ఉంది. తొట్టి నల్లగా, గుండ్రంగా, మనిషి మునిగేంత లోతుగా ఉంది. పక్కన యంత్రం లారీ ఇంజనులా గుర్రుమంటోంది. ఆ చప్పుడు వినపడకుండా ఒక పెట్టెలో జలపాతం శబ్దం, పిల్లనగ్రోవి పెట్టారు. రెండూ కలిసి బస్‌స్టాండులో మైకు మొరాయించినట్లుంది. సుమన ఇరవై ఏళ్ల పిల్ల. మెల్లగా ఊపిరి వదలండక్కా, బిగపట్టకండి, టైమర్ మోగేదాకా నేనిక్కడే ఉంటాను అని చెప్పింది. నిరంజన్ తెర అవతల నిలబడి, రక్తప్రసరణ గురించి కంఠస్థం చేసిన పాఠం అప్పజెప్పడం మొదలుపెట్టాడు.

సుప్రియ కాళ్లు పెట్టింది. చీలమండలను ఎవరో పళ్లతో కొరికినట్లయింది. ఆగితే ఇంక దిగలేనని, ఒక్కసారే మెడదాకా కూర్చుంది. చుడీదారు గాలి నింపుకుని గొడుగులా పైకి లేచింది. ఊపిరి గొంతులోనే ఆగిపోయింది. గుండె మీద ఎవరో ఎక్కి కూర్చున్నట్లుంది. మనసు ప్రశాంతమవుతుందని గోడ మీద రాసి ఉంది కానీ, ఆమెకు కలిగింది ప్రశాంతత కాదు. చీర పైనుంచి నొక్కిన డాక్టరు గుర్తొచ్చాడు. రాసిస్తే చూద్దామన్న అధికారి గుర్తొచ్చాడు. బీరువాలో అర గుర్తొచ్చింది. బియ్యం సంచి కాళ్లకడ్డం పెట్టి, జరగమంటే మొహం కిటికీ వైపు తిప్పుకున్న ఆసామి గుర్తొచ్చాడు. అందరినీ వరసబెట్టి తిట్టాలనిపించింది. దవడలు కొట్టుకుంటుంటే ఒక్క మాటా బయటికి రాలేదు.

"నవ్వండక్కా, ఈజీ అయితది" అంది సుమన.

"నవ్వుడు నాతోని కాదు బిడ్డా. ఆ పిలగాన్ని జర సప్పుడు చేయకుండ ఉండమను" అని ఎట్లాగో అనగలిగింది సుప్రియ. తెర అవతల పాఠం ఆగిపోయింది.

కాసేపటికి కాళ్లు తనవి కానట్లయ్యాయి. టైమర్ మోగాక సుమన చెయ్యి పట్టుకుని లేచి నిలబడితే, మోకాలి నొప్పి లేదు. చలికాలం నుంచి వెంటబడి ఉన్న నొప్పి లేదు. ఒళ్లు తుడుచుకుంటూ రెండు మూడుసార్లు కాలు మడిచి చాచి చూసుకుంది. నిజంగానే లేదు. ఆ క్షణాన ఆమె సాంసన్‌ను క్షమించింది, నిరంజన్‌ను క్షమించింది, బట్టలు మార్చుకుని, సుమన భుజం తట్టి, చాలా రోజుల తర్వాత కడ్డీ పట్టుకోకుండా, రెండు కాళ్లూ మార్చి మార్చి వేస్తూ చకచకా మెట్లు దిగింది.

జిమ్ము దాటి, మలుపు తిరిగేచోట, మోకాలు బిగుసుకుపోయింది.

నొప్పి తర్వాత వచ్చింది. ముందు వచ్చింది భయం. కాలు సగం మడిచి ఉంది, చాచుదామంటే సాగడం లేదు. తలుపు సందులో రాయి పడితే తలుపెట్లా ఆగిపోతుందో అట్లా, లోపల ఏదో అడ్డం పడింది. సుప్రియ గోడ పట్టుకుని మెట్టు మీద కూలబడింది. నెమ్మదిగా మొద్దుబారడం వదిలేకొద్దీ నొప్పి పైకి ఎగబాకింది. కేక పెట్టకుండా పమిట నోట్లో కుక్కుకుంది.

నిరంజన్ పరిగెత్తుకుంటూ వచ్చి, రక్తం మళ్లీ పారుతోంది మేడమ్, మొదటిసారి ఇట్లా బిగుసుకోవడం మామూలే అన్నాడు.

ఆ మామూలే అన్న మాట దగ్గర సుప్రియకు ఇంతకాలం ఆపుకున్నదంతా తెగింది.

"ఏది మామూలు? నా కాలు ఒంగుతలేదు, సాగుతలేదు, నీకు మామూలా? నడవరానోళ్ల కోసమే గద నువ్వీ దుకాణం పెట్టినవ్. మరి మూడో అంతస్తుల పెట్టినవేంది? ఎట్లొస్తరనుకున్నవ్, ఎగిరొస్తరా?"

కింద కిరాయి ఎక్కువక్కా అని నిరంజన్ చాలా చిన్న గొంతుతో అన్నాడు. మేడమ్ పోయి అక్క అయింది. అతని మొహం చూస్తే పాతికేళ్లు కూడా లేవు. సుప్రియకు తిట్టడానికి కూడా మనసు రాలేదు. తిట్టలేకపోయినందుకు మరింత చిరాకు పుట్టింది.

ఆమెను కిందికి దించడం ఒక పెద్ద పని అయింది. టైల్సు దుకాణంలో బరువులు దించే తిమ్మప్ప రాయచూరు వైపు మనిషి. అతను ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, ఆమెను అందులో కూర్చోబెట్టి, తను ముందు కాళ్లు పట్టుకుని, నిరంజన్‌ను వెనక పట్టుకోమన్నాడు. అడుగడుక్కీ కన్నడంలో నిధాన, నిధాన అంటూ, పెళుసు టైల్సు దించినంత జాగ్రత్తగా దించాడు. కింద దుకాణం ముందు నలుగురు పోగయ్యారు. అందులో ఒకాయన, ఆమె కాలు చూసి, ఆముదం రాస్తే పోతుందన్నాడు.

సాంసన్ గ్రీజు చేతులతోనే కొత్తకోట నుంచి వచ్చాడు. ఆటోలో ఆమె పక్కన కూర్చుని, నాకు తెల్వక ఇచ్చినా అని మెల్లగా అన్నాడు.

సుప్రియ రోడ్డు వైపే చూస్తూ చెప్పింది, గొంతు పెంచకుండానే. "నొప్పి అన్నప్పుడల్లా ఏదో ఒకటి తెచ్చిస్తివి. ఒక్కనాడన్న నాతోని దవాఖానకొచ్చినవా? ఎట్ల తగిలింది, యాడ తగిలింది అని అడిగినవా?"

"బరువుకొచ్చిందని నువ్వే చెప్తివి గద."

"నేను చెప్పలే. డాక్టర్ చెప్పిండు. నేనేం చెప్తనో ఎవరిన్నరు?"

అప్పుడడిగాడు సాంసన్. ఆటో పానగల్ రోడ్డు దాటేలోపు ఆమె అంతా చెప్పింది. బియ్యం సంచి, ట్రాక్టరు, టప్పుమన్న చప్పుడు. అతను లారీల మనిషి, లోపల టప్పుమన్నదంటే ఏదో తెగినట్లేనని తెలుసు. ఆటోవాణ్ణి ఆపమని, వేరే బండి మాట్లాడి, నేరుగా మహబూబ్‌నగర్ తీసుకుపోయాడు.

అక్కడి డాక్టరమ్మ మడత పడ్డ కాలిని చూసి, మొదట అడిగిన ప్రశ్న, ఎప్పుడైనా మెలికపడిందా అని. సుప్రియకు ఏడుపొచ్చింది. స్కానింగు తీయించారు. రెండు ఎముకల మధ్య మెత్తగా ఉండే పొర చిరిగి చాలాకాలమైందట. చిరిగిన ముక్క ఊగుతూ ఊగుతూ ఉండి, నొప్పి తెలియని కాలితో గబగబా దిగేసరికి మడతపడి ఇరుక్కుపోయిందట. చన్నీళ్లు చెడు చేయలేదు, కానీ చిరిగినదాన్ని అవి కుట్టవు కదా అంది డాక్టరమ్మ. చలికాలంలోనే వచ్చి ఉంటే కుట్టి ఉండేదాన్ని, ఇప్పుడు ఆ ముక్క తీసెయ్యడం తప్ప దారి లేదంది. చిన్న చిన్న రంధ్రాలు చేసి తీసేశారు.

ఇంట్లో పడుకున్న రోజుల్లో సాంసన్ వంట చేశాడు. అన్నం మెత్తబడేది, రొట్టె మాడేది. సుప్రియ మంచం మీద నుంచే ఉప్పు ఎంతో, మంట ఎంతో అరిచి చెప్పేది. నాగర్‌కర్నూల్ హాస్టల్‌లో ఇంటర్ చదివే కూతురు సెలవు పెట్టి వస్తానంటే వద్దంది. నిరంజన్ ఒకసారి బత్తాయిలు పట్టుకొచ్చి, గుమ్మంలోనే నిలబడ్డాడు. కిందికి మారాలని చూస్తున్నానక్కా, టైల్సు సేటు ఒప్పుకోవడం లేదన్నాడు. ఈలోపు మోకాళ్ల నొప్పులవాళ్లను స్కానింగు చూపిస్తే తప్ప తొట్టిలోకి దించడం లేదన్నాడు. సుప్రియ అతన్ని కూర్చోమని, టీ పెట్టమని సాంసన్‌కు చెప్పింది.

కర్ర పట్టుకుని నడవడం వచ్చాక, ఆమె చేసిన మొదటి పని వనపర్తిలో పాత డాక్టరు దగ్గరికి పోవడం. సాంసన్ వెంట వచ్చాడు, గొడవ వద్దని దారంతా చెబుతూ వచ్చాడు. ఆయనకు ఆమె గుర్తు లేదు. స్కానింగు వెలుతురుకు పెట్టి చూసి, ఆపరేషన్ బాగా చేశారన్నాడు. ఇంక బరువు తగ్గించుకోవాలమ్మా అంటూ గంట మీద చెయ్యి పెట్టాడు. తర్వాతి పేషంటు తలుపు తోసుకుని వచ్చాడు.

సుప్రియ అతని వైపు తిరిగి, బస్సులో అనే గొంతుతోనే, జర ఆగుండ్రి, నాది కాలేదు అంది. అతను వెనక్కి పోయాడు. ఆమె ట్రాక్టరు దగ్గర్నుంచి మొదలుపెట్టి, ఒక్క ముక్క వదలకుండా, డాక్టరుకు అంతా చెప్పింది. ఆయన ఒకసారి గడియారం చూశాడు, ఒకసారి సాంసన్‌ను చూశాడు. సాంసన్ నేల వైపు చూస్తున్నాడు కానీ కుర్చీలోంచి లేవలేదు. మొత్తం విన్నాక, మీరు అప్పుడే చెప్పాల్సింది అన్నాడు డాక్టరు.

బయటికొచ్చి మెట్ల మీద నిలబడి సుప్రియ నవ్విన నవ్వుకు సాంసన్ భయపడ్డాడు.

ఆపరేషన్ కాగితం చూశాక డిపోలో కొన్నాళ్లు విచారణ కిటికీ దగ్గర కూర్చోబెట్టారు. నెలల తరబడి కలలుగన్న కుర్చీ అది. వారం తిరక్కుండానే ఆమెకు విసుగెత్తింది. గద్వాల బస్సెప్పుడని వందమంది అడుగుతారు, చెబితే నమ్మరు, బస్సు ఆలస్యమైతే డ్రైవరును కాక ఆమెను తిడతారు. రోడ్డు మీదైతే తిరిగి ఒక మాట అనొచ్చు. కిటికీ వెనక నుంచి అనడానికి లేదు. డాక్టరమ్మ సరేననగానే, నన్ను బస్సు మీదికే పంపండని తనే రాసిచ్చింది. ఈమెకేం కావాలో ఈమెకే తెలియదని అధికారి పక్కవాళ్లతో అన్నాడట. ఆ మాటా ఆమె చెవిన పడింది.

ఇప్పుడు కాలు నడుస్తుంది, నిలబడుతుంది. గొంతుక్కూర్చోవడం మాత్రం రాదు, ఇంక రాకపోవచ్చునని డాక్టరమ్మ చెప్పింది. వానలు ముదిరాక ఒకరోజు ఆమె మళ్లీ గద్వాల బస్సెక్కింది. బీచుపల్లి వంతెన మీదికి రాగానే, కృష్ణ నిండుగా పారుతోందని జనమంతా ఒకవైపు కిటికీలకు ఎగబడ్డారు. సంచులు దారికడ్డం పడ్డాయి. సుప్రియ టికెట్ మిషను ఎత్తిపట్టుకుని, ముందు మీ సంచులు సీట్ల కిందికి నూకుండ్రి, నది యాడికి పోదు అని అరిచింది. ఒకాయన విననట్లే కిటికీ వైపు చూస్తున్నాడు. ఆయన సంచి తీసేదాకా ఆమె ఆయనకు టికెట్ కొట్టలేదు, పక్కన నిలబడే ఉంది.